సెలవు తక్కువ, గడ్డి మైదానం పెద్దది: మంగోలియాలో బైకు మీద

ఉలాన్‌బాతర్ నుంచి పశ్చిమాన ఓల్గీ దాకా బైకు మీద వెళ్లాలనుకునేవాళ్లకు ప్రధానంగా మూడు దారులున్నాయి. దక్షిణపు దారి అర్వాయ్‌ఖేర్, బయాన్‌ఖోంగోర్, అల్తాయ్, ఖోవ్ద్ ఊళ్ల మీదుగా పోతుంది. ఇప్పుడది చాలావరకు తారు రోడ్డు. ఉత్తరపు దారి వాగులు, బురదల దారి. మధ్య దారి కొండలెక్కి దిగుతూ పోతుంది. దేన్ని పట్టుకున్నా ఒకవైపే 1,600 కిలోమీటర్లకు తగ్గదు. అద్దె బండిని మళ్లీ ఉలాన్‌బాతర్‌లోనే అప్పగించాలి. రెండు వారాల సెలవులో ఇది కుదిరే పని కాదు. కుదిరించాలని చూసేవాళ్లు రోజుకు పది గంటలు బండి మీదే ఉండి, చీకట్లో నడిపి, పశువుల మందల్లోకి దూసుకుపోతారు. అందుకే మేం ఓల్గీ ఆశ వదిలేసి, రాజధాని నుంచి బయలుదేరి మళ్లీ రాజధానికే చేరే చుట్టు దారి ఎంచుకున్నాం: ఖర్ఖోరిన్, త్సెత్సెర్లెగ్, తారియాత్, అక్కడి నుంచి ఉత్తరంగా మొరొన్, ఖోవ్‌స్గోల్ సరస్సు ఒడ్డున ఖత్‌గల్, తిరుగు దారిలో బుల్గన్, ఎర్దెనెత్. మొత్తం సుమారు 1,800 కిలోమీటర్లు. అందులో అసలైన మట్టి దారి తారియాత్ నుంచి మొరొన్ దాకా ఉన్న 200 కిలోమీటర్ల పైచిలుకు ముక్కే. యాత్ర బరువంతా ఆ ముక్క మీదే ఉంటుంది.

రోజులు తక్కువైనప్పుడు కోసుకోవాల్సింది దూరాన్ని. వేగం పెంచుకుంటే బండి విరుగుతుంది, లేదా మనిషి విరుగుతాడు. లెక్క కిలోమీటర్లలో కాకుండా గంటల్లో వేసుకోవాలి. తారు మీద ఆగుతూ పోతే గంటకు 60 కిలోమీటర్లు వస్తాయి. గట్టి మట్టి మీద 35 నుంచి 40. ఇసుక, రాళ్లు, వాగులు కలిసిన చోట 20 వచ్చినా సంతోషించాలి. రోజుకు ఆరు గంటలకు మించి నడిపే ప్రణాళిక వేయకూడదు. జూన్‌లో ఇక్కడ పదహారు గంటల పగలుంటుంది కాబట్టి ఎనిమిది గంటలు నడిపితే ఏమవుతుందని అనిపిస్తుంది. ఆ మిగులు పగలు పంక్చరుకి, వాన ఆగేదాకా కూర్చోవడానికి, దారి తప్పి వెనక్కి రావడానికి కావాలి.

పద్నాలుగు రోజుల సెలవులో రానుపోను విమానాలకు రెండు, బండి తీసుకుని సరిచూసుకోవడానికి ఒకటి, అప్పగించడానికి ఒకటి పోతే మిగిలేది పది. అందులో రెండు రోజులు దేనికీ కేటాయించకుండా ఖాళీగా ఉంచాలి. అంటే నడిపేది ఎనిమిది రోజులు. ఖాళీ రోజుల్ని మొదట్లోనే తారియాత్ దగ్గరి సరస్సు ఒడ్డున విశ్రాంతికి వాడేస్తే చివర్లో వాన పడ్డప్పుడు చేతిలో ఏమీ మిగలదు. వాటిని మొరొన్ చేరేదాకా ముట్టుకోకూడదు.

తేదీల విషయంలో రెండు సంగతులు. జూలై 11 నుంచి 13 వరకు నాదమ్ పండుగ. దేశమంతా సెలవే. పండుగ చూడటానికే వచ్చేవాళ్లకు సరే గానీ, ఆ రోజుల్లో మెకానిక్కు, విడిభాగం, హోటల్ గది దొరకడం కష్టం. రెండోది, ఏడాది మొత్తం వానలో ఎక్కువ భాగం జూలై, ఆగస్టుల్లోనే కురుస్తుంది. వాగులు అప్పుడే పొంగుతాయి. జూన్ రెండో సగం గానీ, ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య వరకు గానీ నయం. సెప్టెంబరులో రాత్రి చలి సున్నా కిందికి దిగుతుంది, కాబట్టి నిద్ర సంచి దానికి తగ్గదై ఉండాలి.

బండి ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. పడిపోయినప్పుడు ఒక్కరే లేపగలిగేదే సరైన బండి. ఉలాన్‌బాతర్‌లో అద్దెకు యమహా ఎక్స్‌టీ 250, సుజుకి డీఆర్ 650 లాంటివి దొరుకుతాయి. పల్లెల్లో పశువుల కాపర్లు నడిపేవి ఎక్కువగా షినెరే ముస్తాంగ్ 150 బళ్లు. వాటి విడిభాగాలు చిన్న ఊళ్లలోనూ ఉంటాయి, మిగతా బళ్లవి ఉండవు. అందుకే ఇద్దరు కలిసి వెళ్తే ఇద్దరికీ ఒకే మోడల్ తీసుకోవాలి. ఒకే జత ట్యూబులు, ఒకే క్లచ్ వైరు, ఒకే జత లివర్లు ఇద్దరికీ పనికొస్తాయి.

బండి చేతికొచ్చిన రోజు ఊరు చూడటానికి పోకుండా దాన్ని విప్పి చూడాలి. స్టాండు మీద నిలబెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపితే బేరింగు అరిగిందో లేదో తెలుస్తుంది. స్పోకుల్ని పానాతో ఒక్కొక్కటిగా తట్టాలి. అన్నీ ఒకేలా మోగాలి, మొద్దుగా పలికేది వదులైనట్టు. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా ఒంగి ఉంటే చైను, స్ప్రాకెట్లు కలిపి మార్పించుకోవాలి. ఎయిర్ ఫిల్టరు తెరిచి, స్పాంజికి నూనె పట్టించి ఉందో లేదో చూడాలి. అద్దె బళ్లలో చాలామంది పట్టించుకోనిది ఇదే. పొడి స్పాంజి సన్న దుమ్మును ఆపలేదు, ఆ దుమ్ము పిస్టన్ రింగుల్ని తినేస్తుంది. ఇచ్చిన పనిముట్లతో రెండు చక్రాల యాక్సిల్ నట్లూ నిజంగా తిప్పి చూడాలి. సైజు కుదరని పానా ఉన్నా లేనట్టే. సామానంతా కట్టి ఆ సాయంత్రమే నలభై కిలోమీటర్లు నడిపితే ఏది జారుతుందో, ఏది రాసుకుంటుందో బయటపడుతుంది.

సామాను పదిహేను కిలోలు దాటకూడదని పెట్టుకున్నాం, నీళ్లు, పెట్రోలు కాకుండా. ముడతలు పడిన మట్టి దారి మీద వెనక చట్రం గంటల తరబడి అదురుతుంది. విరిగేది వెల్డింగు దగ్గరే, దానికి కారణం ఎక్కువసార్లు వెనక వేలాడదీసిన బరువే. గుడ్డ సంచులు మేలు. అల్యూమినియం పెట్టెలు బండి పడ్డప్పుడు కాలి మీద పడతాయి, వాటి బిగింపులే ముందు ఊడతాయి. బరువైనవి సీటుకి దగ్గరగా, కింద. తేలికైన నిద్ర సంచి వెనకాల.

విడిభాగాల్లో తప్పకుండా ఉండాల్సినవి: ముందు చక్రానికి 21 అంగుళాల ట్యూబు, వెనక చక్రానికి దాని కొలత ట్యూబు, ప్యాచీలు, రెండు సొల్యూషన్ గొట్టాలు (ఒకసారి తెరిచింది ఎండిపోతుంది), మూడు టైరు లివర్లు, చేతిపంపు, చైను లింకు, క్లచ్ లివరు, బ్రేకు లివరు, క్లచ్ వైరు, స్పార్క్ ప్లగ్గు, ఫ్యూజులు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు, ఇనుప తీగ, జిప్ టైలు, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ. రాయి తగిలి ఇంజను అడుగు పగిలితే ఆ ఎపాక్సీతోనే బండి మళ్లీ కదులుతుంది. కొత్త క్లచ్ వైరును పాతదాని పక్కనే బండికి కట్టేసి ఉంచితే, తెగినప్పుడు పది నిమిషాల్లో పని అయిపోతుంది.

మొదటి రోజు తారు రోడ్డే. లూన్ దగ్గర తూల్ నది దాటాక మైదానం విప్పారుతుంది. దారి నునుపుగా ఉన్నా గుంటలు హఠాత్తుగా వస్తాయి, గొర్రెల మందలు రోడ్డు మీదే పడుకుంటాయి. ఉలాన్‌బాతర్‌కు దాదాపు 280 కిలోమీటర్ల దూరంలో ఎల్సెన్ తసర్‌ఖాయ్ ఇసుక దిబ్బలొస్తాయి. ఇసుకలో నడపడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే పక్కనే తారు రోడ్డుంది. టైరు గాలి 18 నుంచి 20 పీఎస్‌ఐకి దించి, నిలబడి, బరువు కాస్త వెనక్కి వేసి, చూపు దూరంగా పెట్టి, యాక్సిలరేటరు వదలకుండా నడపాలి. భయపడి యాక్సిలరేటరు వదిలితే ముందు చక్రం దిగబడుతుంది. తారు మీదికి రాగానే మళ్లీ 26, 28కి కొట్టాలి. గాలి కొట్టకుండా వదిలేసే బద్ధకమే తర్వాత పంక్చర్లు తెస్తుంది.

ఖర్ఖోరిన్ ఒకనాటి మంగోల్ సామ్రాజ్య రాజధాని కరకోరం ఉన్న చోటు. 16వ శతాబ్దంలో కట్టిన ఎర్దెనె జూ మఠాన్ని సాయంత్రం చూడొచ్చు. ఇక్కడే పెద్ద ఆశ ఒకటి పుడుతుంది: నైరుతి దిక్కున సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఓర్ఖోన్ జలపాతం. దూరం చూస్తే మూడు గంటలనిపిస్తుంది. ఆ లోయ నిండా పాత లావా రాళ్లు, మొదటి గేరులో పోవాల్సిన చోట్లున్నాయి. పోను ఒక రోజు, రాను ఒక రోజు. రెండు వారాల వాళ్లు ఇది గానీ, ఖోవ్‌స్గోల్ గానీ, ఏదో ఒకటే పెట్టుకోవాలి. మేం జలపాతం వదిలేశాం.

త్సెత్సెర్లెగ్ అర్ఖాంగాయ్ రాష్ట్ర కేంద్రం. బ్యాంకులు, మెకానిక్కులు, మంచి దుకాణాలు ఉన్నాయి. నగదు తుగ్రిగ్‌లు (మంగోలియా డబ్బు) ఇక్కడే తీసుకోవాలి. బండి ఎక్కడో మొండికేస్తే ఏ లారీలోనో, రష్యన్ వ్యానులోనో ఎక్కించుకోవడానికి విడిగా కొంత డబ్బు ఉండాలి, దాన్ని వేరే జేబులో పెట్టి మరిచిపోవాలి. ఇక్కడి నుంచి తారియాత్ దాకా చులూత్ నది లోతైన రాతి లోయ పక్కనుంచి దారి. ఆ పైన తెర్ఖీన్ త్సగాన్ సరస్సు. ఖోర్గో అగ్నిపర్వతం నుంచి పారిన లావా నదికి అడ్డుపడటంతో ఏర్పడిందది. సముద్రమట్టానికి 2,060 మీటర్ల ఎత్తు, వేసవిలోనూ రాత్రి చలి కొరికేస్తుంది.

తారియాత్‌లో ఆగి నిర్ణయం తీసుకోవాలి. అప్పటికే ఒక రోజు వెనకబడి ఉన్నా, ఒంట్లో బాగాలేకపోయినా, పైన రెండు రోజులుగా వాన కురుస్తున్నా, వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. ముందుకెళ్లాక సగంలో తిరగడం రెండింతల కష్టం.

పెట్రోలు లెక్క ఇలా వేసుకోవాలి. తారియాత్ నుంచి మొరొన్ దాకా 220 కిలోమీటర్లు అనుకుంటే దారి తప్పడానికి, వాగు చుట్టి పోవడానికి నలభై శాతం కలపాలి, 308 అవుతుంది. తారు మీద లీటరుకు 22 కిలోమీటర్లు ఇచ్చే బండి మెత్తటి నేలలో, ఎదురుగాలిలో 18 ఇస్తుంది. అంటే 17 లీటర్లు. డీఆర్ 650కి కంపెనీ ట్యాంకు 13 లీటర్లే, కాబట్టి 5 లీటర్ల డబ్బా తప్పదు. మధ్యలో జర్గలాంత్‌లో బంకు దొరికినా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కరెంటు లేకపోతే పంపు ఆడదు, ట్యాంకరు రాకపోతే పెట్రోలే ఉండదు. చిన్న ఊళ్లలో 80 ఆక్టేన్ మాత్రమే దొరకొచ్చు. అది పోయాల్సివస్తే ఇంజను టకటకమని కొట్టుకోకుండా, పై గేరులో లాగించకుండా, ఒక గేరు తగ్గించి నడపాలి. ట్యాంకులో 92 మిగిలి ఉండగానే కలిపితే ఇంకా మంచిది.

మట్టి దారి ఒక్కటిగా ఉండదు. గుంటలు పడ్డ దారిని వదిలి జీపులు పక్కనుంచి పోతే కొత్త దారి, అది చెడితే ఇంకొకటి, అలా లోయ వెడల్పంతా పది పన్నెండు చాళ్లు పక్కపక్కనే సాగుతాయి. చాలాసార్లు అన్నీ ఒకే చోట కలుస్తాయి, కానీ ఒక గుట్ట అటువైపు తిరిగినది వేరే లోయలోకి తీసుకుపోతుంది. ఫోనులో ఆఫ్‌లైన్ మ్యాపు ముందే దించుకుని, పది నిమిషాలకోసారి దిక్కు సరిచూసుకోవాలి. కాపర్లను అడిగేటప్పుడు మనమే చెయ్యి చాపి "మొరొన్ ఇటేనా?" అంటే మర్యాదకు తలూపే వీలుంది. ఊరి పేరు మాత్రం చెప్పి, చెయ్యి వాళ్లనే చాపనివ్వాలి. గెర్ గుడారానికి కాస్త దూరంలోనే ఇంజను ఆపి, కుక్కల్ని పట్టుకునేదాకా బండి దిగకుండా ఉండాలి.

వాగు దగ్గర మొదట మనిషి దిగాలి, తర్వాతే బండి. బూట్లతోనే నడిచి చూడాలి, అడుగున రాళ్లెంత ఉన్నాయో కాలికే తెలుస్తుంది. వెడల్పైన చోట లోతు తక్కువ, ఇరుకైన చోట లోతు, వడి రెండూ ఎక్కువ. నీళ్లు మోకాలు దాటినా, నడిచేవాణ్ని నీటి వడి తోసేస్తున్నా దాటకూడదు. గుడారం వేసుకుని పొద్దుటిదాకా ఆగాలి. మంచు కరిగి వచ్చే వాగు తెల్లవారుజామున తగ్గుతుంది, వాన వాగుకు ఆ నియమం లేదు. దాటేటప్పుడు సామాను విప్పి ముందే అవతలికి మోయాలి. మొదటి గేరు, నిలకడైన యాక్సిలరేటరు, క్లచ్ మీద వేళ్లు, రెండో మనిషి బండికి దిగువ వైపు కాకుండా ఎగువ వైపు.

బండి నీళ్లలో పడి ఇంజను ఆగితే స్టార్టు మీట నొక్కకూడదు. నీరు కుదించుకుపోదు, పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్డు ఒంగిపోతుంది. ఒడ్డుకి లాగి, ప్లగ్గు విప్పి, ఫిల్టరు పెట్టె ఆరబెట్టి, ప్లగ్గు రంధ్రం నుంచి నీళ్లు రావడం ఆగేదాకా ఇంజను తిప్పాలి. ఆయిలు పాలరంగులోకి మారితే మార్చాల్సిందే. అందుకే ఒక లీటరైనా ఆయిలు వెంట ఉండాలి.

పంక్చర్లకు మేకులకంటే కారణం పదునైన రాళ్లే. గాలి తక్కువుండి వేగంగా తగిలితే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ఒకటే అనుకుని ప్యాచ్ వేసి బిగిస్తే మళ్లీ విప్పాల్సి వస్తుంది. టైరు లోపల చేత్తో తడిమి, కొత్త ట్యూబుకి కాస్త గాలి కొట్టి గుండ్రంగా చేశాకే లోపల పెట్టాలి. వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి, వాల్వు దగ్గర ముగించాలి. టైరు అంచును రిమ్ము మధ్య గాడిలోకి మోకాలితో తొక్కిపెడితే చివరి జానెడు సులువుగా ఎక్కుతుంది. బలంగా లివరు వేస్తే కొత్త ట్యూబే చిరుగుతుంది. వాల్వు నట్టును రిమ్ముకి బిగించకుండా మూత దగ్గరే వదిలేయాలి. టైరు జారితే వాల్వు వాలడం కనిపిస్తుంది, ముందే సరిచేసుకోవచ్చు.

ఊళ్ల మధ్య ఫోను సిగ్నలు ఉండదు. ఉపగ్రహంతో సందేశం పంపే పరికరం ఒకటి నడిపేవాడి ఒంటి మీదే ఉండాలి, బండి సంచిలో కాదు. అంబులెన్సు నంబరు 103, పోలీసు 102. బీమా పత్రంలో మీ బండి ఎన్ని సీసీల వరకు వర్తిస్తుందో, గాయపడితే హెలికాప్టరులో తరలించడం అందులో ఉందో లేదో చదవాలి. చాలా పాలసీలు 125 సీసీ దగ్గరే ఆగిపోతాయి.

మొరొన్‌లో తారు మళ్లీ వస్తుంది. అక్కడికి చేరాక ఖాళీ రోజులు మిగిలితే వాడుకోవచ్చు. ఖత్‌గల్ వంద కిలోమీటర్లు, సరస్సు పొడవు 136 కిలోమీటర్లు, లోతు 262 మీటర్లు. మొరొన్ నుంచి తిరుగు దారి బుల్గన్, ఎర్దెనెత్‌ల మీదుగా సుమారు 780 కిలోమీటర్లు, రోజుకు ఆరు గంటల లెక్కన రెండు రోజులకు కాస్త ఎక్కువే పడుతుంది. చివరి రోజు మధ్యాహ్నం మూడు లోపే ఉలాన్‌బాతర్ అంచుకి చేరేలా బయలుదేరాలి, సాయంత్రం ట్రాఫిక్‌లో పది కిలోమీటర్లకే గంట దాటుతుంది. బండిని పొద్దున్నే కడిగించి, పగటి వెలుగులో, మొదటి రోజు తీసిన ఫొటోలు పక్కన పెట్టుకుని యజమానితో కలిసి గీతలు సరిచూసుకుని, డిపాజిట్ అక్కడికక్కడే తీసుకోవాలి.