అమ్మ చెప్పగలిగినప్పుడే అడిగేశాం

మతిమరుపు జబ్బున్న అమ్మానాన్నల గురించి ఏ నిర్ణయం తీసుకోవాలన్నా మన ఇళ్లల్లో ముందు అడ్డొచ్చేది నలుగురి మాట. ఆయాని పెడితే చేతకాలేదంటారు, హోమ్‌లో చేరిస్తే వదిలించుకున్నారంటారు. ఆ మాటలకి తట్టుకుని నిలబడాలంటే మనకొక ఆధారం కావాలి. అది అమ్మ మాటే అయితే ఇంకెవరూ నోరెత్తలేరు.

అల్జీమర్స్ అని తేల్చే ముందు అమ్మకి స్కాన్‌తో పాటు బి12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించారు, ఎందుకంటే వాటిలో తేడా వచ్చినా మతిమరుపు రావచ్చు, అదైతే మందులతో తగ్గే అవకాశముంది. అందుకే "వయసైపోయింది, మామూలేలే" అని ఎవరన్నా సరే, డాక్టరుకి చూపించకుండా ఊరుకోవద్దు.

జబ్బు ఖాయమయ్యాక కూడా కొంతకాలం అమ్మ తనకేం కావాలో స్పష్టంగా చెప్పేది. నేనూ తమ్ముడూ కూర్చుని అన్నీ అడిగాం. ఎవరి దగ్గర ఉంటావు, బయటి మనిషి స్నానం చేయిస్తే ఫర్వాలేదా, ముద్ద మింగలేని రోజొస్తే ట్యూబు వేయించాలా వద్దా. చివరిది అడగడానికి నాకు నోరు రాలేదు, తమ్ముడే అడిగాడు. అమ్మ మాత్రం తడుముకోలేదు. "ట్యూబులొద్దు. ఒళ్లు ముట్టుకునేది ఆడమనిషే అయ్యుండాలి" అంది. నాతో "నువ్వు ఉద్యోగం మానొద్దు" అంది. అన్నీ తేదీ వేసి నోటుబుక్కులో రాసుకున్నాం.

డబ్బు విషయాలు కూడా అప్పుడే చూసుకోవాలి. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు, కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అది రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం ముగిసిపోతుంది, తర్వాత గార్డియన్‌గా నియమించమని కోర్టుకెళ్లాల్సిన పరిస్థితి రావచ్చు. విల్లు, జాయింట్ అకౌంట్ లాంటివి అమ్మ అర్థం చేసుకుని సంతకం పెట్టగలిగినప్పుడే పూర్తి చేశాం. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వొచ్చు.

ఇంకో మాట. ఉన్నట్టుండి ఒకట్రెండు రోజుల్లోనే మనిషి బాగా అయోమయంగా మారిపోతే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి, యూరిన్ ఇన్ఫెక్షన్ వల్ల కూడా అలా అవుతుంది, వెంటనే చూపించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది.

ఈమధ్య అమ్మ రాత్రుళ్లు లేచి తలుపు గడియ తీస్తోంది. అందుకని రాత్రిపూట ఆయాని పెట్టాం. పెద్దత్తకి నచ్చలేదు, కూతురుండగా బయటి మనిషెందుకంది. అమ్మ చెప్పినవి రాసుకున్న పేజీ ఆవిడకి చూపించాను, ఆయా కొనసాగుతోంది.