ఆరిఫ్జాన్ మెస్సులో నేను చూసింది

మొన్న సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడితే ఇద్దరు కుర్రాళ్ళు మాట్లాడుకుంటున్నారండి, ఒబామా ఉన్నప్పుడు యుద్ధాల గోలే లేదంట. నాకు మనసు ఆగలేదు, అందుకే ఇది రాస్తున్నా.

2007లో ఏజెంటుకి డబ్బు కట్టి కువైట్ ఎళ్ళాను, హోటల్ పని అన్నాడు, తీరా దిగాక ఎక్కించుకుపోయింది ఆరిఫ్జాన్‌లో అమెరికా మిలట్రీ క్యాంపు మెస్సుకి. పన్నెండు గంటల డ్యూటీ, పొద్దున్నే ఆమ్లెట్లు వెయ్యడం నా పని. ఇరాక్ పోయేవాళ్ళూ, అక్కణ్ణించి వచ్చేవాళ్ళూ ప్లేటు పట్టుకుని నా ముందు నుంచే ఎళ్ళేవారు. అందులో గోడౌన్ చూసే అమెరికా పెద్దాయన ఒకాయన, నల్లజాతాయన, ఒకప్పుడు సైనికుడే, రోజూ రెండు మాటలు మాట్లాడకుండా కదిలేవాడు కాదు. ఇరాక్ యుద్ధం వద్దని 2002లోనే చెప్పినవాడు ఒబామా అని ఎన్నిసార్లు చెప్పాడో.

2008 నవంబర్ 5, మాకు పొద్దున్న ఏడు గంటలు, టీవీలో గెలిచాడన్నారు. ఆ మనిషి ప్లేటు పక్కన పెట్టి ఏడ్చేశాడండి. మావాడు ఇంటికొచ్చేస్తాడు అన్నాడు, కొడుకు మిలట్రీలో ఉన్నాడు. నేను ఊరికి ఫోన్ చేస్తే మా నాన్న కూడా "అయితే ఇంక అటేపు బాంబులు పడవు కదరా" అన్నారు. 1990లో సద్దాం కువైట్ మీద పడ్డప్పుడు మా చిన్నాన్న కట్టుబట్టలతో అమ్మాన్ చేరి విమానమెక్కి వచ్చాడు, ఆ భయం మా ఇంట్లో ఇంకా పోలేదు.

ఒబామా పదవిలోకొచ్చిన రెండోరోజే, 2009 జనవరి 22న, టెర్రరిస్టులని అనుమానమున్నవాళ్ళని అమెరికా పెట్టే గ్వాంటనామో జైలు ఏడాదిలో మూసేయమని ఆర్డర్ మీద సంతకం పెట్టాడు. కువైట్‌లో అది చిన్న మాట కాదు, మొదట్లో వాళ్ళ మనుషులే 12 మంది ఉండేవారక్కడ. మూతపడలేదు. కాంగ్రెస్ అడ్డం పడింది, అదీ నిజమే, పెద్దాయన కూడా అదే చెప్పి వెనకేసుకొచ్చేవాడు. కువైట్ ఆఖరి మనిషి ఇంటికొచ్చేసరికి 2016 జనవరి అయ్యింది.

2009 డిసెంబర్‌లో మాత్రం పెద్దాయన దగ్గర మాట లేదు. ఆఫ్ఘనిస్తాన్‌కి ఇంకో 30,000 మందిని పంపుతున్నానని ఒబామా చెప్పినప్పుడు మాకు తెల్లారుజాము, టిఫిన్ టైముకి మెస్సంతా అదే మాట. పెద్దాయన కొడుకూ ఆ లెక్కలోనే ఎళ్ళాడు. తొమ్మిది రోజులు తిరక్కుండా ఒబామా నోబెల్ శాంతి బహుమతి అందుకుంటుంటే పెద్దాయన టీవీకి వీపు పెట్టి కూర్చున్నాడు. 2011లో యెమెన్‌లో అవలాకీ అని, అల్‌ఖైదా మనిషని, ఒక అమెరికా పౌరుణ్ణే కోర్టు లేకుండా డ్రోనుతో చంపారు, అప్పుడన్నాడు, ఇదే బుష్ చేసుంటే ఊరంతా వినపడేలా తిట్టేవాణ్ణి, ఇప్పుడు నోరు రావట్లేదని. ఒబామా అంటే గిట్టనివాళ్ళు తిడితే పెద్దాయన పట్టించుకునే మనిషి కాదు. తను నమ్మినవాడే ఇలా చేశాడు కాబట్టే అంత నలిగిపోయాడని నాకనిపిస్తుంది.

2011 డిసెంబర్ 18న ఇరాక్ నుంచి ఆఖరి కాన్వాయ్ కువైట్లోకి వచ్చేసింది. అది ఒబామా చేశాడు, కాదనకూడదు. మా మెస్సులో జనం తగ్గారు, మా కుర్రాళ్ళని సగం మందిని పంపించేశారు, అయినా యుద్ధం ఆగిందని సంతోషమే అనిపించింది నాకు. 2014లో మళ్ళీ ఇరాక్ మీద విమానాలు లేచాయనుకోండి, అప్పటికి నేను ఊళ్ళో కొబ్బరితోటలో ఉన్నా.

నేను వచ్చేసే ముందు, 2012 ఎన్నికలయ్యాక, పెద్దాయన్ని అడిగాను, మళ్ళీ ఒబామాకే వేశారా అని. వేశానన్నాడు. ఈసారి ఎవరికీ చెప్పలేదు, మావాడికి కూడా, అన్నాడు.