నాన్న శతకం తెరుచుకుంది

ఆదివారం, రాత్రి

పొద్దున్నే నాన్న ఫోన్ చేసి మళ్ళీ అదే అడిగారు. "ఆ సీడీ సంగతి ఏమైందిరా?"

2001లో తెనాలిలో ఒక డీటీపీ సెంటర్లో తన శతకం టైపు చేయించుకున్నారు. అచ్చు వేయించడానికి డబ్బు కుదరక సీడీ బీరువాలోనే ఉండిపోయింది. ఇప్పుడా సెంటర్ లేదు. వాళ్ళ తెలుగు సాఫ్ట్‌వేర్ డాంగిల్ అనే చిన్న తాళంలాంటి పరికరం కంప్యూటరుకు తగిలిస్తే తప్ప నడిచేది కాదు. నాన్న రాసుకున్న పద్యాలు నాన్న చదువుకోవడానికి వేరెవరిదో తాళం కావాలి. ఇది నాకెప్పుడూ మింగుడు పడలేదు.

టిఫిన్ కాగానే కూర్చున్నాను. పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైలు అది. లిబ్రెఆఫీస్ డ్రా అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లో తెరుచుకుంది గానీ పేజీ నిండా అర్థంకాని గుర్తులే. ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ వాడే యూనికోడ్ పద్ధతి ఫాంటు కాదు కదా. ఇంగ్లిష్ అక్షరాల గళ్ళలో తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట ఉంటాయి. ఏ గడిలో ఏముందో తెలిస్తేనే చదవగలం.

ఆ పట్టిక 'పద్మ'లో దొరికింది. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ అది. 2017లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చాక పనిచేయడం మానేసింది. అయినా కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి, అందులోని పట్టిక తీసుకుని చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. ఒక్కో ఫాంటు ముందేసుకుని, ఒక్కో గుర్తూ సరిచూసి ఆ పట్టికలు తయారుచేసినవాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

మొదటి పద్యం వచ్చింది. మకుటం 'రామ' కావాలి, 'రావు' అని పడింది! పాత ఫాంట్లలో 'మ' అంటే 'వ' పక్కన కొమ్ము. నా ప్రోగ్రామ్ 'వ' కనబడగానే అక్కడే మార్చేస్తోంది, పక్కన కొమ్ము ఉందేమో చూడట్లేదు. జంటను ముందు చూసేలా ఒక్క లైను పైకి జరిపాను. 108 పద్యాల్లోనూ రాముడు వచ్చేశాడు.

ఇలా కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఊరికే వస్తుందని వాడతావా అని ఆఫీసులో అడుగుతుంటారు. డబ్బు నాకు చిన్న విషయం. తప్పు కనబడితే విప్పి చూసి నా చేత్తో సరిచేసుకోగలను, నాకదీ కావాల్సింది.

మండలి ఫాంటులో, పెద్ద అక్షరాల్లో పీడీఎఫ్ చేసి పంపాను. అదీ ఓపెన్ లైసెన్సుదే. సాయంత్రం నాన్న ఫోన్.

"40వ పద్యంలో యతి తప్పిందిరా. అప్పట్లో చూసుకోలేదు. ఇప్పుడు మార్చొచ్చా?"

"మార్చొచ్చు నాన్నా, చెప్పండి," అని ఫైలు తెరిచాను.