పేరు తీసేస్తే సరిపోతుందనుకున్నాను

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చివరి ఏడాదిలో నిజామాబాద్ జిల్లా బీడీ కార్మికుల ఆదాయం, ఆరోగ్యం మీద సర్వే చేశాను. ఉత్సాహం కొద్దీ మొదట 41 ప్రశ్నలు రాశాను. పేరు, ఫోన్ నంబరు, పుట్టినతేదీ, కులం, ఆధార్ చివరి నాలుగంకెలు, భర్త ఏం చేస్తాడు, ఏ కార్ఖానాకి చేస్తారు... ఎప్పుడైనా పనికొస్తాయిలే అన్నదొక్కటే కారణం.

ట్రయల్‌కి వెళ్లిన మొదటి ఇంట్లో ఒకామె ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు వేయడం, చుట్టి దారం కట్టడం, మాట్లాడుతున్నంతసేపూ ఆ వేళ్లు ఆగలేదు. పేరు అడగ్గానే ఆగాయి. "పేరెందుకు బిడ్డా? పింఛన్ పోతదా?" అంది.

బీడీ పింఛన్ నెలకి 2,016 రూపాయలు. చాలా ఇళ్లలో మందులు దాంతోనే. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో చేసిన సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబరులో 75 ప్రశ్నలతో మొదలైన కులగణన, వాళ్లు అన్నీ చూశారు. నాది కాలేజీ పని అన్నా, ఆ కాగితం ఎక్కడికి పోతుందో ఆమెకేం తెలుసు? భయపడి ఆదాయం తగ్గించి చెబితే నా లెక్కలకూ విలువ లేదు.

పేరు, ఫోన్, ఆధార్ ఆ రాత్రే కొట్టేశాను. మర్నాడు పేర్లు లేకుండా తిరగరాసిన కాగితాలు సర్దుతుంటే, ఇళ్లు చూపించడానికి వచ్చిన అమ్మాయి ఒకటి చూసి, "అక్కా, ఇది మా గల్లీ చివరింటామెది కదా?" అంది. వయసు 43, భర్త గల్ఫ్‌లో, ఇద్దరాడపిల్లలు, ఫలానా కార్ఖానా. ఊళ్లో అలాంటామె ఒక్కతే. రెండు నెలలుగా దగ్గు ఉందనీ, భర్త డబ్బు పంపట్లేదనీ కింద నా చేతిరాతలోనే ఉంది. నాకు చెమటలు పట్టాయి.

పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడ్ కలిస్తే అమెరికాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టే వీలుందని 2000లో లతాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త లెక్కగట్టారు. క్లాసులో చదివినప్పుడు అది కంప్యూటర్ల గొడవ అనుకున్నాను. ఊళ్లో కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

గైడ్ మేడం ఒక్కో ప్రశ్నకీ ఒకటే అడిగారు: "ఈ జవాబు ఏ పట్టికలోకి వస్తుంది?" చెప్పలేకపోతే కొట్టేయడమే. పుట్టినతేదీ బదులు పదేళ్ల వయసు గుంపులు, కులం బదులు బీసీ, ఎస్సీ లాంటి వర్గం, ఊరి బదులు మండలం పెట్టాం. దగ్గు ప్రశ్న ఉంచాను, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదని ముందే చెప్పి అడిగేలా. కార్ఖానా పేరు తీయడానికి మాత్రం మనసొప్పలేదు. బాగాలేవని పక్కన పడేసే బీడీలకు కూలి కట్టని చోట్లేవో దాంతోనే తేలేది. కానీ చెప్పిందెవరో అక్కడ తెలిస్తే మర్నాటి నుంచి ఆమెకు చుట్టడానికి ఆకు రాదు, పని పోయినట్టే. తీసేశాను.

19 ప్రశ్నలు మిగిలాయి. ట్రయల్ కాగితాలు, తిరగరాసినవి కూడా, ఎవరివి వాళ్లకే తీసుకెళ్లి ఇచ్చేశాను. చాట పెట్టుకుని కూర్చున్నామె తనది పొయ్యిలో పెట్టి, "ఇప్పుడడుగు బిడ్డా" అంది.