ఉదయం నడక, సాయంత్రం సిగరెట్

కేబీఆర్ పార్కులో రోజూ నడుస్తున్నా, ఎత్తు ఎక్కేచోట నాకు ఆయాసం తప్పడం లేదు. నేను తాగే సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కనుక, కండరాలకు అందవలసిన ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. ఎంత వ్యాయామం చేసినా ఆ లోటు పూడదు.

మానడంలో అసలు చిక్కంతా ఇరానీ హోటల్లోనే ఉంది. సాసరులో పోసిన చాయ్ చల్లారేలోపే వేళ్లు జేబు తడుముతాయి. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోవడం వల్లే ఆ తహతహ అంత త్వరగా తిరిగివస్తుంది. డాక్టరుగారి సలహాతో నికోటిన్ గమ్ మొదలుపెట్టాను గానీ, అది నమలడానికి పావుగంట ముందు నుంచీ చాయ్ ముట్టకూడదట, ముడితే మందు నోటిలో సరిగా ఇంకదట. హైదరాబాదీకి ఇంతకన్నా కఠినమైన పథ్యం ఉంటుందా? ప్రస్తుతానికి చాయే వాయిదా పడుతోంది.