పదకొండో కిక్కు

"హెలా! హెలా!" అని, ఒడియాలో 'అయింది! అయింది!' అని, గోడ అవతలి నుంచి పక్కింటి మావుసి (పిన్ని) అరిచేదాకా నాకు నమ్మకం కుదరలేదు. బండి నిజంగానే స్టార్టయింది!

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పెరటి షెడ్డులో ఏడాదిగా విప్పి పెట్టిన నాన్న రాజ్‌దూత్ జీటీఎస్ 175. అదే, 1973 నాటి సినిమాతో 'బాబీ' అని పేరు పడ్డ పొట్టి బండి.

తంటా అంతా ట్యాంకుదే. లోపలి తుప్పు పొడి దిగి కార్బ్యురేటర్ జెట్, అంటే పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం, మూసుకుపోయేది. ఎన్నిసార్లు ఊది శుభ్రం చేసినా మళ్లీ అంతే. నిన్న ట్యాంకులో గుప్పెడు పాత నట్లు వేసి, కిరోసిన్ పోసి, గంటసేపు ఊపాను. వంపితే చింతపండు పులుసు రంగులో వచ్చింది.

ఈ రోజు ఆయిలు కలిపిన పెట్రోలు పోశాను. పదకొండో కిక్కుకి గుప్పున నీలం పొగ.

చప్పుడు విని నాన్న బయటికొచ్చారు. ఏమీ అనలేదు. పొగ కళ్లలో పడుతున్నా సీటు మీద చెయ్యి తీయలేదు.