అడవి దారికి పాత రివాల్వరే

ఆరు గుళ్ల ఉక్కు రివాల్వర్‌ని పాలిమర్ (ప్లాస్టిక్ లాంటిది) పిస్టల్ పక్కన పెట్టి లెక్కలు చూస్తే పోటీయే లేదు. అలాంటి పిస్టల్ గ్లాక్ 17 మ్యాగజైనులో 17 తూటాలు పడతాయి, ఖాళీగా తూస్తే ముప్పావు కిలో కూడా ఉండదు. 1955లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ కాంబాట్ మాగ్నమ్ (తర్వాత మోడల్ 19 అయింది) నాలుగంగుళాల బ్యారెల్‌తో కిలోకి దగ్గరగా తూగుతుంది, పట్టేది ఆరే. మనుషులతో ముప్పుంటే పిస్టలే నయం. కొండల్లో, వాగుల వెంట రోజంతా నడుముకి వేలాడేదానికి మాత్రం అవసరాలు వేరు. లైసెన్సు, ఎక్కడ మోసుకెళ్లొచ్చన్న నిబంధనలు ఎక్కడికక్కడ మారతాయి. అవి తేలాకే ఈ మాటలన్నీ.

పిస్టల్‌లో రెండో తూటాని పైకి తెచ్చేది మొదటి తూటా శక్తే. అది స్లైడ్‌ని (పిస్టల్ పైన జారే భాగం) పూర్తిగా వెనక్కి నెట్టాలి, ఖాళీ కేసు బయటికి ఎగరాలి, స్ప్రింగు మళ్లీ స్లైడ్‌ని మూయాలి. తూటా బలహీనమైనా, మణికట్టు సడలినా, జాకెట్ అంచు అడ్డం పడినా పని అక్కడే ఆగుతుంది. రివాల్వర్‌లో తూటాలుండే సిలిండర్‌ని తిప్పేది ట్రిగ్గర్ లాగే మీ వేలు. లోపల ఉన్నది మెత్తటిదా, ఘాటుదా దానికి అక్కర్లేదు. ఒకటి పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతిది వస్తుంది. గురి సాధనలో మాత్రం అలా లాగకండి. పేలనిది ఆలస్యంగా పేలొచ్చు, గొట్టం సురక్షితమైన దిక్కుకే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి.

.357 మాగ్నమ్ తూటాల రివాల్వర్‌లో .38 స్పెషల్ అనే పొట్టి తూటా కూడా పడుతుంది కాబట్టి ఒకే సిలిండర్‌లో పాముకి రవ్వల తూటా (సన్నని గుండ్లు చిమ్మేది), మిగతా వాటిలో బరువైన బుల్లెట్లు పెట్టుకోవచ్చు. రవ్వల తూటా పనిచేసేది రెండు మూడు మీటర్ల లోపే. అది మొదట పేలేలా పెట్టాలి, ఎందుకంటే పక్కన ఘాటైన తూటాలు పేలుతుంటే ఆ అదురుకి దాని ప్లాస్టిక్ గొట్టం పగలొచ్చు. ఇక్కడే చాలామంది తప్పుతారు. ట్రిగ్గర్ లాగగానే సిలిండర్ ముందు తిరుగుతుంది, ఆ తర్వాతే పేలుతుంది. అంటే మూసినప్పుడు హామర్ (తూటాని పేల్చే సుత్తి) కింద ఉన్నది మొదట పేలదు. వెనక నుంచి చూస్తే స్మిత్ అండ్ వెసన్ అపసవ్యంగా తిరుగుతుంది, కనుక మొదటి తూటా పై చాంబర్‌కి (తూటా కూర్చునే గది) కుడి పక్కన ఉండాలి. కోల్ట్ సవ్యంగా తిరుగుతుంది, అందులో ఎడమ పక్కన.

'రివాల్వర్ జామ్ కాదు' అన్నది సగం నిజం. తక్కువసార్లు అవుతుంది, కానీ అయితే పిస్టల్‌లా స్లైడ్ లాగి వదిలితే సర్దుకోదు. అన్నిటికన్నా మామూలుగా కనిపించేది ఎజెక్టర్ నక్షత్రం (ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు పలక) కింద ఇరుక్కున్న కాలని మందు రేణువులు. ఇసుక గింజంత ఇరుక్కున్నా సిలిండర్ బిగుసుకుంటుంది, ట్రిగ్గర్ రాయిలా అవుతుంది. గొట్టం పైకెత్తి, ఆ నక్షత్రాన్ని నెట్టే ఎజెక్టర్ రాడ్‌ని అరచేత్తో ఒక్క దెబ్బ గట్టిగా కొడితే కేసులతో పాటు రేణువులూ కిందికి రాలిపోతాయి. అడ్డంగా పట్టుకుని మెల్లగా నొక్కితే అవి నక్షత్రం కిందే దిగుతాయి. పాత టూత్ బ్రష్ ఒకటి సంచిలో ఉంటే చాలు.

రెండోది, ఎజెక్టర్ రాడ్ మర వదులవడం. రాడ్ పొడుగు పెరిగి సిలిండర్ తెరుచుకోదు. స్మిత్ అండ్ వెసన్ 1960ల తొలినాళ్లలో మరని ఎడమ చుట్టుకి మార్చింది, అందుకే అంతకు ముందువీ తర్వాతవీ బిగించే దిశ వేరు. బిగించేటప్పుడు చాంబర్లలో ఖాళీ కేసులు పెట్టండి, లేకపోతే నక్షత్రం మీద ఒత్తిడి పడి చెడుతుంది. మూడోది, తేలికపాటి ఫ్రేములో ఘాటైన తూటాలు. వెనక్కి తన్నిన ప్రతిసారీ మిగిలిన తూటాల్లో బుల్లెట్ కేసు నుంచి కాస్త ముందుకి జారుతుంది, చివరికి ముక్కు బయటికొచ్చి సిలిండర్ తిరగదు. పరీక్ష సులువు: అయిదు కాల్చి, ఆరోదాన్ని తీసి కాలిపర్‌తో కొలిచి కొత్తదానితో పోల్చండి. పొడుగు పెరిగితే ఆ రకం తూటాలు ఆ తుపాకీకి పనికిరావు.

వాడినది కొంటుంటే, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, సిలిండర్‌ని బొటనవేలితో కాస్త పట్టి ఉంచి హామర్‌ని నెమ్మదిగా లాగండి. హామర్ పూర్తిగా నిలిచేలోపే ప్రతి చాంబర్ టక్కున లాక్ అవ్వాలి. ఒక్కటి ఆలస్యమైనా బుల్లెట్ బ్యారెల్‌లోకి వంకరగా దిగి సీసం పక్కకి చిమ్ముతుంది. మోడల్ 19 అయితే ఫోర్సింగ్ కోన్ (సిలిండర్ వైపున్న బ్యారెల్ మూతి) అడుగు భాగం చూడండి. అక్కడ లోహం చదునుగా తగ్గించి ఉంటుంది. 125 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) తేలికైన బుల్లెట్ ఉన్న మాగ్నమ్ తూటాలు ఎక్కువగా కాలిస్తే అక్కడే పగులుతుంది. బరువైన బుల్లెట్లు, సాధనకి .38 వాడితే చాలా ఏళ్లు నిలుస్తుంది. .38 కేసు పొట్టిది కాబట్టి చాంబర్‌లో మసి రింగు పేరుకుంటుంది, అది తుడవకుండా .357 పెడితే బిగుసుకుంటుంది.

1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హామర్‌ని చేత్తో లాగాల్సినది) నమూనా అయితే అయిదే నింపండి. ఒకటి పెట్టి, ఒకటి వదిలి, నాలుగు పెట్టి, హామర్ పూర్తిగా లాగి మెల్లగా దించితే అది ఖాళీ చాంబర్ మీద ఆగుతుంది. 1973 తర్వాతి ఇలాంటి రూగర్లలో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ లాగితే తప్ప హామర్ దెబ్బ తూటాకి చేరనివ్వని పట్టీ) ఉంది, ఆరూ నింపొచ్చు.

తోలు ఒర నడకకి బాగుంటుంది, నిల్వకి కాదు. తేమ పట్టి నీలి ఉక్కు మీద తుప్పు చుక్కలు వస్తాయి. ఇంటికి రాగానే తీసి, తుడిచి, సిలిండర్ ముందు అంచుకి ఒక్క చుక్క నూనె.